దస్తీ వేసిన జాగ

మాది జనగామలో తాళ్లు, గోనెసంచులు అమ్మే దుకాణం. చుట్టాల్లో ఎవరైనా “సుజాత ఏం ఉద్యోగం చేస్తది?” అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా అమ్మ జవాబు చెప్పేది: “కంప్యూటర్ల జాగ ఎంత మిగిలిందో చూసే పని.” మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఫైల్ సిస్టమ్ రాసే నలుగురిలో ఒకదాన్నైతే, అమ్మ నన్ను గోదాముకు కాపలా పెట్టినట్టు చెబుతోందని. రిటైరయ్యాక ఈ నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, నా ఉద్యోగం గురించి అంతకంటే సరైన మాట నాకూ దొరకలేదు.

డిస్కు అంటే కోట్లకొద్దీ చిన్న గళ్లు. ఏ గడిలో ఏముంది, ఏది ఖాళీ అన్నది గుర్తుపెట్టుకునేది ఫైల్ సిస్టమ్. మా కంపెనీ తయారుచేసిన డిస్కు పెట్టెలు స్కానింగ్ సెంటర్లకు వెళ్లేవి. మిషన్‌లో తీసిన ఫొటోలన్నీ ఆ పెట్టెలో చేరేవి. పెట్టె “ఇంత ఖాళీ ఉంది” అని తెరమీద ఒక అంకె చూపించేది. ఆ అంకె తప్పైనప్పుడు ఎందుకు తప్పైందో పట్టుకోవడం నా పని. పాతికేళ్లకు పైగా అదే చేశాను.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చాయి, ఆలస్యంగా వచ్చాయి, అంతే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు అవి ఎందుకూ పనికిరావు. నాకు పని నేర్పినవి మూడు ఊళ్లు, అందులో ఒక ఊళ్లో జరిగింది పూర్తిగా నా తప్పు.

భూపాలపల్లి: మూయని కిటికీ

ఉద్యోగంలో చేరిన కొత్తలో భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఒక చిన్న స్కానింగ్ సెంటర్‌లో మిషన్ నడిపే తిరుపతి అనే ఆయన. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ఛాతీ ఫొటోలు అక్కడ ఎక్కువగా తీసేవాళ్లు.

“మేడం, పెట్టె నిండిందంటున్నది. పాతయి తీసేసిన. అయినా జాగ వస్తలేదు.”

“సరిగ్గా తీసేయలేదేమో, మళ్లీ చూడండి” అన్నాను.

ఆయన మళ్లీ తీసేశాడు. ఖాళీ రాలేదు. ఇంకో నెల ఫొటోలు తీసేశాడు. అప్పుడూ రాలేదు. ఇలా నాలుగు నెలల ఫొటోలు తీసేశాక, ఓనర్ ఆయన్ని పిలిచి చెడామడా తిట్టాడట. నన్ను భూపాలపల్లి పంపించారు. వరంగల్‌లో బస్సు మారి నేను చేరేసరికి తిరుపతి ముఖంలో నెత్తురు లేదు.

“మేడం, నేను తప్పు చేయలే. మీరు చెప్పినట్టే చేసిన. జర మా సార్‌కు చెప్పుండ్రి.”

నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకూ ఆయన మీదే అనుమానం. రెండు గంటలు కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. పక్క గదిలో డాక్టర్‌గారి కంప్యూటర్‌లో ఫొటోలు చూసే ప్రోగ్రాం ఒకటి ఉంది. ఆయన దాన్ని నెలల తరబడి మూయలేదు. ఆ ప్రోగ్రాం ఒకసారి తెరిచిన ప్రతి ఫొటోనూ పట్టుకునే కూర్చుంటుంది. ఎవరైనా చూస్తున్న ఫైలును తీసేస్తే, దాని పేరు మాత్రమే జాబితాలోంచి పోతుంది. చూసేవాళ్లు వదిలేదాకా దాని గళ్లు ఖాళీ కావు. ఫైల్ సిస్టమ్‌లో అది తప్పు కాదు, మర్యాద. ఒకరు చూస్తుండగా వాళ్ల కళ్లముందు నుంచి లాగేయకూడదు కదా.

తిరుపతి తీసేసిన నాలుగు నెలల ఫొటోలూ అందుకే బతికి ఉన్నాయి. డాక్టర్‌గారు తెరమీది ఆ కిటికీ మూయకముందే వాటన్నిటినీ వేరే డిస్కులోకి ఎక్కించాను. ఓనర్ ముందుకెళ్లి, తప్పు తిరుపతిది కాదని, ఫోన్‌లో సరిగ్గా వినని నాదని చెప్పాను. తిరుపతి ఆ రోజు నాకు చాయ్ తెచ్చి ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

ఈ పనిలో మొదటి పాఠం ఇదే. ఖాళీ రాలేదని అవతలి మనిషి చెప్పినప్పుడు, వచ్చే ఉంటుందని అనుకోవద్దు. ఆ మనిషి మీ ప్రోగ్రాం కంటే ఎక్కువసేపు ఆ తెర ముందు కూర్చున్నాడు.

జనగామ బస్టాండు

మా బాస్ ప్రసాద్‌గారు గోదావరి వైపు మనిషి. పని తెలిసినవాడు, నోటిదురుసు కూడా. మీటింగుల్లో నేను “గిట్ల చేస్తే అయితది సార్” అంటే, “గిట్లనా? ఎట్లండీ?” అని నా యాసను అనుకరించేవాడు. అందరూ నవ్వేవాళ్లు. సినిమాల్లో చూసి నేర్చుకున్న నవ్వు అది. నేను చాలా ఏళ్లు పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది. ఆ తర్వాత ఆయన చేసిన మంచి గురించి కూడా రాయబోతున్నాను కనుక ఇది దాచితే న్యాయం కాదు.

జనగామలోనే ఒక స్కానింగ్ సెంటర్ ఉండేది, మా పెట్టెతోనే. అది నెలకోసారి “నిండింది” అనేది. లోపలి ఫైళ్లన్నీ కూడి చూస్తే సగం కూడా లేవు. పెట్టె ఆపి మళ్లీ వేస్తే అంతా సర్దుకునేది. నెలకు మళ్లీ అదే కథ. ఆ సెంటర్ ఓనర్ మా నాయినకు తెలిసినవాడు. నాకు కాకుండా నేరుగా దుకాణానికే వెళ్లి, “మీ బిడ్డ చేసిన డబ్బా పరేషాన్ చేస్తున్నదయ్యా” అని చెప్పి వచ్చేవాడు. నాయిన సాయంత్రం నా మొహం చూసి, “గదేందమ్మా?” అని మాత్రం అనేవాడు.

నేను రోజూ జనగామ నుంచి హైదరాబాద్‌కు వెళ్లివచ్చేదాన్ని, ఎక్కువగా రైల్లో. ఒకరోజు రైలు తప్పిపోయి బస్టాండుకు వెళ్లాను. మా దగ్గర బస్సు ఇంకా ఆగకముందే కిందనుంచి కిటికీలోంచి సీట్ల మీదకు దస్తీలు పడతాయి. చేతిరుమాలు, తువ్వాలు, పేపరు, ఏదైనా సరే. దస్తీ పడితే సీటు వాళ్లదే, దానికి ఎదురు లేదు. ఆ రోజు నేను ఎక్కేసరికి సీట్లన్నిటి మీదా మనుషులో దస్తీలో ఉన్నాయి. నిలబడ్డాను. బస్సు కదిలింది. జనగామ దాటింది. ఐదు సీట్ల మీద ఇంకా దస్తీలే ఉన్నాయి. వేసినవాళ్లు ముందు బస్సు దొరికి వెళ్లిపోయారో, మనసు మార్చుకున్నారో, ఎక్కనేలేదు. నాలాంటివాళ్లం ఎనిమిది మందిమి వాటి పక్కనే రాడ్డు పట్టుకుని ఆలేరు దాకా నిలబడ్డాం.

కండక్టర్ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి మమ్మల్ని చూసి నవ్వాడు. “ఏందక్కా, దస్తీకి టికెట్ ఉన్నదా? బండి కదిలినంక దానికి సీటెందుకు? కూసో.” ఐదు దస్తీలూ తీసి ఇంజన్ పక్కన పడేశాడు.

నేను కూర్చున్నాను. కూర్చోగానే నాకు జనగామ పెట్టె గుర్తొచ్చింది.

మా ఫైల్ సిస్టమ్ కూడా దస్తీలు వేస్తుంది. ప్రోగ్రాం “ఇది దాచు” అనగానే వెంటనే డిస్కు మీద రాయదు, ముందు మెమరీలో ఉంచుకుంటుంది. కానీ తర్వాత రాసేటప్పుడు చోటు లేకపోతే ఎలా? అందుకని అప్పుడే “ఇన్ని గళ్లు నావి” అని ముందుగా పట్టి పెడుతుంది. రాయడం అయ్యాక ఆ పట్టు వదిలేస్తుంది. జనగామ సెంటర్ మిషన్‌కు ఒక అలవాటు ఉంది. ప్రతి ఫొటోకూ మొదట పెద్ద ఫైలు తెరిచి, చివరికి అవసరమైనంత ఉంచి మిగతాది కత్తిరించేస్తుంది. ఆ కత్తిరించిన భాగానికి పట్టిన జాగను మేం వదలడం మరిచిపోయాం. ఫొటోకు కొన్ని గళ్ల చొప్పున, ఎక్కని మనుషుల దస్తీలు మిగిలిపోతూ ఉన్నాయి. ఈ పట్టు లెక్క మెమరీలో మాత్రమే ఉంటుంది కనుక, పెట్టె ఆపి వేస్తే అన్నీ తుడుచుకుపోయి ఖాళీ కనిపించేది.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లి మధ్యాహ్నానికల్లా తప్పున్న చోటు పట్టుకున్నాను. అంత ఆనందం మళ్లీ నా ఉద్యోగంలో రాలేదు.

“చూసిన సార్”

కత్తిరించినప్పుడు పట్టు వదిలేయమని ఒక్క లైను రాశాను. జనగామ పెట్టెలాంటిదే ఒకటి ఆఫీసులో ఉంది, దాని మీద వెయ్యి ఫొటోలు ఎక్కించి చూశాను. ఖాళీ అంకె సరిగ్గా వచ్చింది. పొంగిపోయాను. సాయంత్రం ప్రసాద్‌గారి గదికి వెళ్లాను.

“నిండిపోయిన డిస్కు మీద కూడా చూశారా సుజాతగారూ?”

చూడలేదు. ఆఫీసు డిస్కు సగం ఖాళీగానే ఉంది. అది నింపడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. జనగామ ఓనర్ మళ్లీ నాయిన దుకాణానికి వెళ్లాడని ఆ పొద్దునే అమ్మ చెప్పింది. ఇంకోసారి మీటింగులో “గిట్ల కాలేదండీ?” అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

“చూసిన సార్” అన్నాను.

ఆయన ఇంకేం అడగలేదు. నా లైను మా పెట్టెలున్న అన్ని ఊళ్లకూ వెళ్లింది.

అందులో తప్పేమిటో చెబుతాను. కత్తిరించిన చోట కొన్ని గళ్లకు పట్టు అప్పటికే వదిలేసి ఉంటుంది, ఎందుకంటే అవి రాయడం అయిపోయింది. నా లైను వాటికి రెండోసారి వదిలేది. పట్టు లెక్క అంతా కలిపి ఒకే అంకె కనుక, రెండోసారి వదిలినప్పుడు తగ్గేది ఇంకొకరి పట్టు. అంటే నేను తీసింది ఎక్కనివాళ్ల దస్తీ కాదు, నీళ్ల సీసా కొనడానికి దిగిన మనిషి దస్తీ. బస్సు సగం ఖాళీగా ఉంటే ఎవరి దస్తీ ఎవరు తీసినా గొడవ రాదు. నేను చూసింది ఖాళీ బస్సులోనే. జనగామ పెట్టె కూడా సగం ఖాళీదే కనుక అక్కడా అంతా బాగానే నడిచింది. ఓనర్ దుకాణానికి వచ్చి నాయినకు మిఠాయి డబ్బా ఇచ్చి వెళ్లాడు.

మహబూబాబాద్: గోడ పక్క బల్ల

మూడు నెలల తర్వాత మహబూబాబాద్ నుంచి రజిత ఫోన్ చేసింది. అక్కడి స్కానింగ్ సెంటర్‌లో ఎమ్మారై తీసే అమ్మాయి, జాగ్రత్త మనిషి.

“అక్కా, ఒకటి సమజైతలేదు. ఫైలు ఉన్నది. పేరు ఉన్నది, సైజు ఉన్నది. తెరిస్తె అంత నల్లగనే ఉన్నది.”

“ఎవరిది?”

“బయ్యారం దిక్కు తండా ఆమెది. ద్వాలి. మోకాలుది.”

ఆమె సంగతి రజితే చెప్పింది. ద్వాలి పత్తి చేలల్లో కూలికి వెళ్తుంది. మోకాలు వాచి నడవలేకపోతే, మూడు నెలల కింద ఇక్కడ ఎమ్మారై తీశారు. ఎముకకు టీబీ అని తేలింది. వరంగల్ డాక్టర్ మందులు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన రెండో ఫొటో తీయించుకుని, మొదటిదాన్ని కూడా తెమ్మన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే మందులు పనిచేస్తున్నాయో, మోకాలు కోయాలో తెలుస్తుంది. మొదటిసారి వచ్చిన వారంలో సెంటర్‌లో ఫిల్మ్ ముద్రించే మిషన్ చెడిపోయి ఉంది. ఆమెకు మిషన్ తెరమీద చూసి రాసిన రిపోర్టు కాగితం ఇచ్చి, ఫిల్మ్ తర్వాత తీసుకోమన్నారు. ఆ ఫొటో మా పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎమ్మారై మిషన్‌లోది ఎప్పుడో తుడిచేశారు, మా పెట్టె “చేరింది” అని చెప్పింది కనుక.

మహబూబాబాద్ పెట్టె అన్నిటిలోకీ పాతది, ఎప్పుడూ నిండిపోయే ఉంటుంది. అక్కడ నా లైను ఏం చేసి ఉంటుందో ఫోన్ పెట్టేలోపే అర్థమైంది. పెట్టె లెక్క చూసి “జాగ ఉంది, పంపు” అంది. ఫొటో తీసుకుంది. చేరిందని చెప్పింది. తీరా రాయబోతే గడి లేదు. పేరు మిగిలింది, సైజు మిగిలింది, లోపల సున్నాలు.

ప్రసాద్‌గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టారు.

“నిండిన డిస్కు మీద చూశానన్నారు కదా.”

“చూడలేదు సార్. అబద్ధం చెప్పిన.”

తిడతారనుకున్నాను. నా యాసలో అనుకరిస్తారనుకున్నాను. రెండూ చేయలేదు. ముందు అన్ని ఊళ్లకూ ఫోన్లు చేయించి, పెట్టెల్లో నా లైను తీయించారు. ఎక్కడా మిషన్‌లో ఫొటోలు తుడవొద్దని చెప్పించారు. ఆ తర్వాత నావైపు తిరిగారు.

“రేపు మహబూబాబాద్ వెళ్లండి. దొరుకుతుందేమో వెతకండి. దొరక్కపోతే ఆవిడకి మీరే చెప్పాలి. ఆ రజితతో చెప్పించకండి. ఫోనులో చెప్పకండి. ఎదురుగా కూర్చుని చెప్పండి.”

“ఏమని చెప్పాలె సార్?”

“జరిగింది చెప్పండి. నేను మీ మాట నమ్మి పంపాను, అది కూడా చెప్పండి.”

ఆ మనిషి నన్ను ఎన్నిసార్లు ఏడిపించినా, ఆ ఒక్క రోజు కోసం నేను ఆయన్ని గౌరవిస్తాను.

మర్నాడు పొద్దున జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. సెంటర్‌లో ఆ పెట్టె ముందు కూర్చుని, డిస్కులోని గళ్లన్నీ మొదటినుంచి చివరిదాకా వెతికించాను. ప్రతి ఎమ్మారై ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఎక్కడైనా అనాథగా పడి ఉందేమోనని. ఇలా పోయిన ఫొటోలు ఇంకో పది ఉన్నాయని బయటపడింది. రజిత రిజిస్టర్ తీసి ఒక్కొక్కరి పేరూ చూసింది, ఆ పదిమందికీ ఫిల్మ్ అందింది. ద్వాలి ఒక్కదానికే అందలేదు. ఆమె ఫొటో ఆ డిస్కు మీద ఎప్పుడూ లేదు. రాయనిదాన్ని ఎవరూ వెతికి తేలేరు. మధ్యాహ్నానికి వెతకడం ఆపేశాను.

అప్పటికే ద్వాలి వచ్చి గోడ పక్క బల్ల మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. కాలు చాచి పెట్టుకుంది, పక్కన కర్ర. భర్త భీక్యా మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను. పేరు చెప్పాను.

“అమ్మా, మీ మొదటి ఫొటో పోయింది. నా తప్పు వల్ల పోయింది.”

“పోయిందంటె? ఎవలన్న ఎత్కపోయిన్రా?”

“లేదమ్మా. పెట్టెల పడనే లేదు. పెట్టె నిండిపోయి ఉండె. జాగ లేదు. ఉన్నదని చెప్పింది నేను రాసిన లెక్క. సరిగ చూడకుండనే పంపిన. చూసిననని మా సార్‌కు అబద్ధం చెప్పిన.”

ఆమె భర్తతో వాళ్ల భాషలో ఏదో అంది. నాకు ఆ భాష రాదు, కానీ అందులో కాలు అన్న మాట ఉందని ఆమె చెయ్యి మోకాలు మీదకు వెళ్లినప్పుడు తెలిసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“జాగ లేకుంటె లేదని అప్పుడే చెప్పరాదు? ఇంకోదాంట్ల పెట్టేటోళ్లు. నేను గీ బల్ల మీదనే కూసునేదాన్ని. నాకేం తొందరుండె?”

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. “చెప్పాల్సింది అమ్మా” అన్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. రజిత నీళ్లు తెచ్చింది, నాకు కాదు, ఆమెకు.

ఆ రోజే రెండో ఫొటో తీశారు. వేరే డిస్కులో పెట్టి, తెరిచి, మోకాలు కనిపించాకే ఆమెను లేవనిచ్చాం. వరంగల్ డాక్టర్‌తో నేనే ఫోన్‌లో మాట్లాడాను. ఒక్క ఫొటోతో ఏమీ చెప్పలేనన్నాడు. ఇప్పుడే మోకాలు తెరిచి చూడాలి, లేదా ఇంకో రెండు నెలలు మందులు వేసి మూడో ఫొటోతో పోల్చాలి. మందులు పనిచేయకపోతే ఆ రెండు నెలల్లో ఎముక ఇంకా పాడవుతుంది, కాలు దక్కకపోవచ్చు. ఎంచుకోమని వాళ్లకే వదిలేశాడు. ద్వాలి ఆగుతానంది.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఆ రెండు నెలలు నేను చేసిన పని నా ఉద్యోగం మొత్తంలో నేను గట్టిగా చేసిన ఒకే ఒక్క పని. మొదట పట్టు లెక్క మార్చాను. అందరిదీ కలిపి ఒకే అంకె కాకుండా, ఏ ఫైలు పట్టు ఆ ఫైలు పేరు మీదే ఉంటుంది. ఎవరూ తమ పేరు మీద ఉన్నదానికంటే ఎక్కువ వదలలేరు. వదలబోతే ప్రోగ్రాం అక్కడే ఆగి అరుస్తుంది. తర్వాత, డిస్కును చివరి గడి దాకా నింపి ఇంకొక్క ఫొటో పెట్టమని అడిగే పరీక్ష రాశాను. దానికి జవాబు ఒక్కటే ఉండాలి: జాగ లేదు. “ఉంది” అన్నా తప్పే, ఏమీ అనకపోయినా తప్పే.

ఇది చదివే మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తుంటే, తెలివి గురించి బెంగపడకండి. ఈ తప్పులు పట్టుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. నేను చూసిన తెలివైనవాళ్లలో సగం మంది ఖాళీ డిస్కు మీద పరీక్షించి ఇంటికి వెళ్లేవాళ్లే. కంపెనీలో అమ్మకాలు చూసే పెద్దమనిషి ఒకాయన, “జాగ లేదు” అన్న మాట చూస్తే కొనేవాళ్లు భయపడతారని, దాని బదులు “కాసేపాగి ప్రయత్నించండి” అని పెట్టమన్నాడు. అలాంటివాళ్లు మీకూ దొరుకుతారు. వాళ్లతో మెత్తగా మాట్లాడకండి. నేను మీటింగులో లేచి, నా యాసలోనే, “లేదంటె లేదనే చెప్తది సార్, గట్లనే ఉంటది” అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రసాద్‌గారు తలవంచుకుని, “అలాగే ఉంచండి” అన్నారు.

ఇంకొక్కటి. మీ బాస్ “చూశారా?” అని అడిగినప్పుడు చూడకపోతే, చూడలేదని చెప్పండి. దీనివల్ల నాలుగు రోజులు మాట పడతారు. అంతకు మించి ఏమీ కాదు.

మూడో ఫొటో

రెండు నెలలకు ద్వాలి మూడో ఫొటోకు వస్తోందని రజిత చెబితే, నేను సెలవు పెట్టి వెళ్లాను. నన్నెవరూ పంపలేదు. సెంటర్‌కు చేరేసరికి ఆమె అప్పటికే లోపల మిషన్ మీద పడుకోబోతోంది. పడుకునే ముందు ఆగి రజితను అడిగింది.

“బిడ్డా, పెట్టెల జాగ ఉన్నదా? ముందుగాల అడుగు.”

రజిత నా వైపు చూసింది. కొత్త ప్రోగ్రాం ఆ పెట్టెలో పెట్టి వారమే అయింది. నిండిన పెట్టెను అది ఆఫీసు బయట ఇంకా ఎక్కడా ఎదుర్కోలేదు. రజిత మీట నొక్కింది. మిషన్ పెట్టెను అడిగింది. తెరమీద ఎర్రగా రెండు మాటలు వచ్చాయి: జాగ లేదు.

రజిత సిగ్గుపడిపోయింది. “అయ్యో, నిన్ననే పాతయి వేరే డిస్కుల ఎక్కియ్యాలె అనుకున్న అక్కా, మరిచిపోయిన.”

నేను ఆ ఎర్ర అక్షరాల వైపు చూస్తూ నిలబడిపోయాను. పాతికేళ్లలో నా ప్రోగ్రాం చెప్పిన మాటల్లో అంత మంచి మాట ఇంకొకటి లేదు.

ద్వాలికి చదువు రాదు. “ఏమంటున్నది?” అంది.

“జాగ లేదంటున్నదమ్మా” అన్నాను. “పాతవి వేరేదాంట్ల పెట్టేదాంక ఆగాలె. గంట పడుతది.”

ఆమె నన్ను గుర్తుపట్టింది. మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. కర్ర కోసం చెయ్యి చాచింది, తర్వాత దాన్ని వదిలేసి నా భుజం పట్టుకుని మెల్లగా దిగింది. కాలు నేలకు ఆనించింది. రెండు నెలల కింద ఆ కాలు ఆనేది కాదు. ఫొటో తీయకముందే నాకు సగం జవాబు అక్కడే తెలిసింది. మిగతా సగం ఆ సాయంత్రం వరంగల్ డాక్టర్ చెప్పాడు: ఎముక మానుతోంది, కోయాల్సిన పని లేదు, మందులు ఆపొద్దు.

కానీ ఆ మాట రావడానికి ఇంకా చాలా గంటల టైముంది. అప్పటికి మాకు తెలిసింది జాగ లేదని మాత్రమే. నా భుజం మీద బరువు మోపి, ఒక్కో అడుగూ చూసుకుంటూ, ఆమె గోడ పక్క బల్ల దాకా నడిచింది. కూర్చుని, పక్కన ఖాళీ ఉన్న చోట అరచేత్తో తట్టింది.

“ఇప్పుడు మంచిగ చెప్పింది. కూసుందాం దా.”